గాజులకూ బిల్లు పడింది: ఒక టచ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు డైరీ

2025 నవంబరు 2, ఆదివారం

విశాఖపట్నం అక్కయ్యపాలెం ఎనభై అడుగుల రోడ్డులో మా అత్తకి పిండివంటల కొట్టుంది. జంతికలు, చేగోడీలు, కాజాలు, సున్నుండలు, అప్పుడప్పుడు మాడుగుల హల్వా. కౌంటరు మీదున్న కంప్యూటరు నేను డాబాగార్డెన్స్‌లో పాతది కొని బిగించిపెట్టిందే. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 21.5 అంగుళాల మానిటరు. మెషీను ఇంకా రాయిలా ఉంది. దాని మీదున్న విండోస్ 10కే అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. రెండూ లేవు. ఉచితంగా దొరికే లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చేద్దాం, కొత్తది కొనక్కర్లేదు అని చెప్పడానికి పొద్దున్నే వెళ్లాను.

అత్త అంతా విని, "ఎలాగూ మారస్తన్నావు కదా నాన్నా, ఫోన్లోలాగ ఏలితో నొక్కితే బిల్లు వచ్చీలాగ సేసీ. ఈ మౌసు నా వల్ల కాదు. నేనొక కాడ సూస్తే ఆ బాణం ఇంకో కాడుంటాది" అంది.

సరేనన్నాను గానీ మనసొప్పలేదు. కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌గా రోజుకి నలభై మెషీన్ల మధ్య తిరిగేవాణ్ని. డెస్క్‌టాప్‌కి టచ్ దండగ అనే పక్షం నాది. మానిటరు నిలబడి ఉంటుంది, చెయ్యి కిందికి వేలాడాలని చూస్తుంది, ఈ రెండిటికీ పొత్తు కుదరదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్‌లో తెర మీదే లైట్ పెన్నుతో గీతలు గీసి చూపించాడు. చూసేవాళ్లకి అద్భుతమే. నిలువు తెర మీద అలా గంటలకొద్దీ పనిచేసేవాళ్ల చేతులు బరువెక్కి లాగేస్తుంటే, ఆ బాధకి తర్వాత "గొరిల్లా చెయ్యి" అని పేరే పడిపోయింది. 2010 అక్టోబరులో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి చెప్పింది కూడా ఇదే: టచ్ తెర నిటారుగా ఉంటే పనికిరాదు, కాసేపటికి చెయ్యి ఊడి పడేలా ఉంటుంది అని.

అయినా అత్త అడిగింది. పైగా నా పక్షం నిజమో కాదో నేనెప్పుడూ చేతులారా పరీక్షించలేదు. ముందు వారం రోజులు నా బల్ల మీద, తర్వాత కొట్లో. ఖర్చు ఏడు వేలు దాటకూడదు.

నవంబరు 8, శనివారం

ఫ్రేము వచ్చింది. కొత్త టచ్ మానిటరు కొనలేదు, పాత మానిటరు చుట్టూ అతికించే ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేము తెప్పించాను. ఐదు వేల చిల్లర పడింది. ఫోన్లలో ఉండే కెపాసిటివ్ రకం ఎందుకు వద్దనుకున్నానంటే, అది వేలిలోని విద్యుత్ గుణాన్ని పట్టుకుంటుంది. చెయ్యి తడిగా ఉంటే తికమకపడుతుంది, మామూలు గ్లవ్స్ వేసుకుంటే అసలు పట్టించుకోదు. పిండివంటల కొట్లో చేతికి నూనో పిండో గ్లవ్సో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌కి ఆ పేచీ లేదు. ఫ్రేములో రెండు అంచుల్లో చిన్న చిన్న ఎల్‌ఈడీలు, వాటికి ఎదురుగా రిసీవర్లు. గాజు పలకకి రెండు మూడు మిల్లీమీటర్ల పైన కంటికి కనపడని కిరణాలు అడ్డంగా నిలువుగా పరుచుకుని ఉంటాయి. ఏ కిరణాలు తెగాయో చూసి చోటు లెక్కకడుతుంది. వేలు కానక్కర్లేదు, గరిటె కాడైనా పనిచేస్తుంది.

పాత సూత్రమే. 1983లో హెచ్‌పీ-150 అని ఒక పర్సనల్ కంప్యూటరు వచ్చింది. 9 అంగుళాల తెర, చుట్టూ చట్రంలో వరసగా చిన్న బెజ్జాలు, వాటిలో ఇన్‌ఫ్రారెడ్. ఆ బెజ్జాల్లో దుమ్ము చేరితే టచ్ పనిచేయడం మానేసేదట. శనగపిండి ఎగిరే కొట్లోకి అదే సూత్రాన్ని తీసుకెళ్తున్నానని అప్పుడే గుర్తుంచుకోవాల్సింది.

బిగింపు గంట పని. మానిటరు అంచు స్పిరిట్‌తో తుడిచి, రెండువైపులా అంటుకునే టేపు, ఫ్రేము, యూఎస్‌బీ తీగ. డ్రైవరు అక్కర్లేదు, ఇలాంటివాటికి కావలసింది 2011 నుంచీ లినక్స్‌కి మూలమైన కెర్నెల్లోనే ఉంది. మొదటి నొక్కుకే బాణం కదిలింది. కొంచెం ఇబ్బంది ఏంటంటే, వేలు గాజుకి తగలకముందే నొక్కు పడిపోతుంది. దోమని కొట్టబోయేలోపే అది చచ్చినట్టు.

నవంబరు 15, శనివారం

కంచరపాలెంలో మా ఇంట్లో, నా బల్ల మీద, వారం.

మొదటి రోజు సరదాగా ఉంది. వెబ్ పేజీ వేలితో తోస్తే జారుతుంటే, ఫొటోలు రెండు వేళ్లతో పెద్దవవుతుంటే, ఇన్నాళ్లూ ఎందుకు వద్దన్నానా అనిపించింది. రెండో రోజు ల్యాబ్ స్టాకు లెక్కల స్ప్రెడ్‌షీట్ తెరిచాను. సరదా అక్కడితో సరి.

లెక్క చెప్తాను. ఈ తెర వెడల్పు 476 మిల్లీమీటర్లు, అందులో 1920 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ పావు మిల్లీమీటరు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస ఎత్తు 20 పిక్సెళ్లు, అంటే 5 మిల్లీమీటర్లు. నా చూపుడు వేలు తెర మీద ఆనితే సెంటీమీటరుకి పైనే. ఒకటి నొక్కుదామంటే రెండు వరుసల్ని కప్పేస్తుంది, పైగా ఏది నొక్కుతున్నానో వేలే కనపడనివ్వదు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకి గూగుల్ చెప్పే కొలత దాదాపు 9 మిల్లీమీటర్లు. దానికి కొంచెం దగ్గరగానైనా రావాలని తెర మొత్తాన్ని 150 శాతానికి పెంచాను. వేలికి చోటు దొరికింది, నలభై వరుసలు కనపడే చోట ఇరవై మూడు మిగిలాయి. పెద్ద తెర కొనుక్కున్నదే ఎక్కువ కనపడాలని. వేలికి దారి ఇవ్వడం కోసం దాంట్లో దాదాపు సగం వదులుకోవాలి. నా గొడవంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఇంకోటి, ఇది నేను ఊహించింది కాదు. మూలలు.

మౌసుకి తెర మూల అన్నిటికన్నా తేలికైన చోటు. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం, గురి ఎంత దూరంలో ఉంటే అంత ఆలస్యం, ఎంత పెద్దదైతే అంత తొందర. బాణం తెర అంచు దాటి పోలేదు కాబట్టి మూలనున్న బటను దానికి అంతులేనంత పెద్దది. కళ్లు మూసుకుని మౌసుని విసిరినా వెళ్లి అక్కడే ఆగుతుంది. కిటికీ (విండో) మూసే గుర్తు కుడి పై మూలన ఉండడం అందుకే అంత హాయి. అదే మూలకి వేలు పెట్టి చూడండి. ఫ్రేము గట్టు ఎత్తుగా ఉంది కదా, వేలి కొస గట్టుకి తగిలి ఆగిపోతుంది, మూలలోకి దిగదు. గోరుతో గీరాలి. నిన్న రాత్రి ఒక ఫైలు మూయడానికి మూడుసార్లు గీకి, నాలుగోసారి దాని పక్కనున్న గుర్తు తగిలి, కిటికీ చిన్నదైపోయింది. మౌసుకి స్వర్గమైన చోటే వేలికి నరకం. మౌసు కోసం ముప్పై ఏళ్లు దిద్దిన ఇంటి ప్లానులోకి వేలిని కాపురానికి తెస్తే గుమ్మాలన్నీ తప్పు చోటే ఉంటాయి.

చెయ్యి సంగతి: గురువారానికి కుడి భుజం పట్టేసింది. నా కుర్చీలో ఆనుకుని కూచుని చెయ్యి చాపితే తెర ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. ప్రతి నొక్కుకీ ముందుకి వంగాలి. నొక్కినప్పుడల్లా మానిటరు స్టాండు మీద తల ఊపుతుంది, ఔనౌను అన్నట్టు.

శుక్రవారానికి నాకు తెలీకుండానే చెయ్యి మౌసు మీదికి పోయింది. పేజీ జరపడానికి మాత్రం ఇంకా వేలే వాడుతున్నాను. అంతవరకు బాగుంది, ఒప్పుకుంటున్నాను.

నవంబరు 16, ఆదివారం

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి అన్న పంచాయితీ. మూడు పెన్‌డ్రైవులు చేశాను.

క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్. గూగుల్ పాత మెషీన్ల కోసం 2022లో తెచ్చింది. టచ్ సాఫీగా ఉంది. కానీ క్రోమ్‌బుక్కుల్లోలాగ ఆండ్రాయిడ్ యాప్‌లు ఫ్లెక్స్‌లో రావు. నాకేమో ప్రింటరుతో నేరుగా మాట్లాడే సొంత స్క్రిప్టు నడవాలి. పక్కన పెట్టేశాను.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ముఖంతో. వేలితో వాడాలంటే మూడిట్లో ఇదే ముందు. తెర మీద బొమ్మ వేసే కొత్త పద్ధతి వేలాండ్ మీద నడుస్తుంది కాబట్టి మూడు వేళ్లతో తోస్తే పనుల మధ్య మారుతుంది, రాసే చోట నొక్కితే తెర మీద కీబోర్డు దానంతటదే లేస్తుంది. పట్టీలు లావు, బటన్లు పెద్దవి. కానీ మౌసు పట్టుకున్నవాడికి ఆ లావు పట్టీలే దండగ. కిటికీ నెత్తిన అంత జాగా ఎందుకో అనిపిస్తుంది.

లినక్స్ మింట్, సిన్నమన్ అనే ముఖంతో. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, పాత పద్ధతి. మౌసుకి ఇంటి భోజనం. టచ్‌కి మాత్రం కొంత చాకిరీ చెయ్యాలి. ఇది నడిచేది వేలాండ్‌కి ముందటి పద్ధతి ఎక్స్11 మీద, అక్కడ ఫైర్‌ఫాక్స్‌లో వేలితో తోస్తే పేజీ జరగకుండా అక్షరాలు సెలక్టు అవుతాయి. టచ్‌ని సరిగ్గా చదివే ఎక్స్‌ఇన్‌పుట్2 వాడమని ఒక సెట్టింగు పెడితే దారికొస్తుంది.

ఇక అసలు తమాషా. కొట్లో కొనేవాళ్ల వైపు తిప్పి ఇంకో తెర ఉంటుంది, ల్యాబు తుక్కులోంచి అడిగి తెచ్చుకున్న 1024 పిక్సెళ్ల చదరపు మానిటరు. అది కూడా తగిలించి తెర నడిమధ్యలో నొక్కాను. బాణం పన్నెండు పదమూడు సెంటీమీటర్లు కుడికి వెళ్లి పడింది. కుడి అంచున నొక్కితే అవతలి తెరలో తేలింది. కాసేపు ఫ్రేముని తిట్టుకున్నాను. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. ఎక్స్11 రెండు తెరల్నీ కలిపి 2944 పిక్సెళ్ల ఒకే మైదానం అనుకుంటుంది, ఫ్రేమేమో నేను సగంలో నొక్కానని మాత్రమే చెప్తుంది. 2944లో సగం 1472. అది చెప్పింది తప్పు కాదు, దానికి రెండో తెర సంగతి తెలీదంతే. ఎక్స్‌ఇన్‌పుట్‌లో మ్యాప్-టు-అవుట్‌పుట్ అన్న ఆజ్ఞతో ఫ్రేముని ఒకే తెరకి కట్టేశాను. మెషీను ఆపి వేస్తే మర్చిపోతుంది, అందుకని లాగిన్ అవగానే నడిచేలా పెట్టాను. విండోస్‌లో కూడా ఇలా ముడివేసే పని ఉంటుంది, అక్కడ టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది.

ఈ మూడూ తిప్పుతుంటే పదమూడు పద్నాలుగేళ్ల కిందటి గోల గుర్తొచ్చింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3, అదే నెలలో ఉబుంటు డెస్క్‌టాప్‌కి యూనిటీ, 2012 అక్టోబరు 26న విండోస్ 8. అందరిదీ ఒకటే ఆశ: ఫోనూ, టాబ్లెట్టూ, డెస్క్‌టాపూ అన్నిటికీ ఒకే ముఖం. విండోస్ 8లో స్టార్ట్ బటను తీసేశారు, తెరంతా పలకలు పరిచారు, షట్‌డౌన్‌ని కుడి అంచు చాటున ఒక పట్టీలో దాచారు. మరుసటి ఏడాది 8.1లో బటను తిరిగొచ్చింది, 2015 జూలైలో విండోస్ 10తో మెనూ కూడా వచ్చింది. యూనిటీ 2017 దాకా నడిచి, ఆ అక్టోబరులో వచ్చిన 17.10తో ఉబుంటు గ్నోమ్‌కి మళ్లింది. ఆపిల్ ఆ దారి పట్టలేదు, వేలికి ఐఓఎస్, మౌసుకి మ్యాక్ అని వేరు కాపురాలే పెట్టింది. ఆపిల్ మీద నాకు ప్రత్యేకించి ప్రేమేం లేదు, కొనే తాహతూ లేదు. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లదే కరెక్టని వారం కిందటిదాకా అనేవాణ్ని. ఇప్పటికీ సగం అంటాను.

మింట్ వేసేశాను. ఎందుకంటే అత్త చూసేది ఒకే ఒక బిల్లు పేజీ, తెర నిండా. కింద ఏ మెనూ ఉందో ఆవిడకి కనపడనే కనపడదు. రాత్రి లెక్కలు చూసుకునే బావకి మాత్రం సిన్నమనే కావాలి.

నవంబరు 19, బుధవారం

పని చేయలేదు. ల్యాబులో మధ్యాహ్నం ఖాళీ దొరికితే మౌసు పుట్టుక చదివాను. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960ల్లో మౌసుని లైట్ పెన్నుతో, జాయ్‌స్టిక్‌తో, చివరికి బల్ల కింద మోకాలితో తిప్పే ఒక పరికరంతో కూడా పోటీ పెట్టి చూశారు. అలవాటైనవాళ్ల చేతిలో మౌసే గెలిచింది. కొత్తవాళ్లకి మాత్రం లైట్ పెన్నూ, మోకాలూ తొందరగా పట్టుబడ్డాయి.

అంటే అత్త అడిగింది వెర్రిమాట కాదు. పదేళ్లుగా కౌంటరు దగ్గర ఉన్నా ఆవిడ మౌసుతో ఎప్పుడూ కొత్తే, బిల్లుకి ఒకసారి పట్టుకుని వదిలేస్తుంది. నేను అలవాటైనవాణ్ని. ఇద్దరం ఒకే తెర గురించి వాదించుకుంటున్నాం అనుకున్నాను, కాదు.

నవంబరు 22, శనివారం

కొట్టుకి తెచ్చాను. ఇక్కడ అత్త నిలబడి ఉంటుంది, తెర నడుము ఎత్తు కౌంటరు మీద ఉంటుంది. నిటారుగా పెడితే వంగాలి. పడుకోబెడితే చెయ్యి ఊరికే జారవిడిచినట్టు దాని మీదికి వాలుతుంది, పిండి పిసికేటప్పటిలాగ. అయితే రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించాక బావ స్టూలు వేసుకుని ఇదే మెషీను మీద లెక్కలు రాస్తాడు. పడుకున్న తెరలోకి గంటసేపు తల వంచి చూస్తే మెడ ఉండదు.

వీధి చివర వడ్రంగికి ఈ మాట చెప్తే ఆయన నవ్వి, "పడక్కుర్చీ గాట్లు పెట్టేద్దునా బాబూ?" అన్నాడు. నాకు తట్టనే లేదు. ప్లైవుడ్ పలక, వెనక ఒక కాలు, కింద కర్రకి మూడు గాట్లు. పగలు ఆఖరి గాట్లో వేస్తే తెర కౌంటరు నుంచి ముప్పై డిగ్రీలు మాత్రమే లేచి ఉంటుంది. రాత్రి మొదటి గాట్లోకి మారిస్తే దాదాపు నిటారు. మానిటరు వెనక నాలుగు మరలతో పలకకి బిగించాం. నొక్కితే ఇప్పుడు తల ఊపడం లేదు. ఏడు వందలు.

నవంబరు 23, ఆదివారం

కార్తీకం అయిపోయింది కదా, జనం బాగా వచ్చారు. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేరు అప్పటికి మార్చలేదు, దాని మీదే టచ్ పెట్టి చూద్దాం అనుకున్నాను. పొరపాటు. అందులో మెనూలు బాణం ఊరికే పైన నిలబెడితే తెరుచుకుంటాయి. వేలికి ఊరికే నిలబడడం అంటూ ఉండదు, ఉంటే నొక్కినట్టు, లేకపోతే లేనట్టు. అత్త ఆ మెనూ చుట్టూ వేలు తిప్పుతూ, "ఏట్రా ఇది, ముట్టుకుంటే ముడుసుకుపోతంది" అంది, అత్తిపత్తి ఆకుని చూసినట్టు.

అంతకన్నా పెద్దది మధ్యాహ్నం జరిగింది. అర కిలో జంతికలు అడిగినాయనకి బిల్లులో పావు కిలో కాజాలు కూడా పడ్డాయి. అత్త తీసేసి మళ్లీ కొట్టింది, మళ్లీ పడ్డాయి. నేను పక్కన నిలబడి చూశాను. పొద్దున్న ఎక్కడికో వెళ్లొచ్చి రెండు చేతులకీ అరడజనేసి మట్టిగాజులు వేసుకుంది. వేలు పైనున్న జంతికల వైపు వెళ్తుండగా గాజులు మణికట్టు దగ్గరికి జారి, గాజు పలకకి సరిగ్గా పైన వేలాడాయి. వేలు ఇంకా దిగలేదు, గాజులు ముందే కిరణాలు తెంపాయి. వాటి కింద ఉన్న బటను కాజా.

నిటారు తెర ముందు చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి వైపు జారిపోతాయి, ఈ గొడవే రాదు. భుజానికి సుఖమని తెర పడుకోబెట్టాను, ఆ సుఖమే గాజుల్ని కిందికి తెచ్చింది.

వేలూ గాజూ ఒకేసారి పడితే ఇంకో చిక్కు కూడా ఉంది. అడ్డంగా రెండు చోట్ల, నిలువుగా రెండు చోట్ల కిరణాలు తెగుతాయి. అవి కలిసే కూడళ్లు నాలుగు, అందులో రెండు ఉత్తుత్తివి. ఏవి నిజమో తేల్చుకోవడానికి ఏటవాలు కిరణాలు కూడా చూస్తుంది ఫ్రేము, అయినా అప్పుడప్పుడు పప్పులో కాలేస్తుంది.

సాయంత్రం ఒక ఈగ తెర మీద వాలి సున్నుండలు ఆర్డరిచ్చింది. దాని గురించి ఇక రాయను.

నవంబరు 27, గురువారం

కొట్టు పడమటి ముఖం. మూడున్నర నుంచి ఎండ వాలుగా కౌంటరు మీద పడి, ఫ్రేములో ఒకవైపు రిసీవర్లు ఎండలోని ఇన్‌ఫ్రారెడ్‌తో నిండిపోతున్నాయి. ఆ గంటన్నర ఎడమ మూడో వంతు తెర చచ్చిపోతుంది. స్వీట్ల డబ్బా అట్ట కత్తిరించి ఆ వైపు గొడుగులా అంటించాను. చూడ్డానికి దరిద్రంగా ఉంది, పనిచేస్తోంది.

నవంబరు 30, ఆదివారం

మూడు రాత్రులు కూచుని బిల్లు పేజీ నేనే రాశాను. కింద చిన్న పైథాన్ ప్రోగ్రాము, పైన క్రోమియం బ్రౌజరు కియోస్క్ మోడ్‌లో, అంటే తెర నిండా, ఒక పేజీ, అంతే.

ముందు అత్త చెయ్యి కొలిచాను. చూపుడు వేలి కొస నుంచి గాజుల దాకా 16 సెంటీమీటర్లు. తెర ఎత్తు 26.8. కాబట్టి బటన్లన్నీ పై 15 సెంటీమీటర్లలోనే, ఐదు వరుసలు, ఆరు నిలువులు, ముప్పై రకాలు. ఒక్కో బటను మూడు సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు ఎనిమిది వెడల్పు. వేలు ఏ బటను మీద ఉన్నా గాజులు పడేది కింది భాగంలో. అక్కడ బటనేదీ లేదు, పడుతున్న బిల్లు మాత్రం పెద్ద అక్షరాల్లో కనపడుతుంది. గాజులు ఎంతసేపైనా వాలి కూచోవచ్చు. ఇంకో జాగ్రత్త కూడా పెట్టాను. నొక్కినప్పుడు కాదు, వేలు లేచినప్పుడే లెక్క, అదీ అరక్షణంలో లేస్తేనే. వేలు తాకి లేచిపోతుంది. గాజు, ఈగ, కొంగు మాత్రం తీరిగ్గా ఉంటాయి.

వస్తువు నొక్కగానే అదే చోట నాలుగు తూకాలు వస్తాయి: వంద గ్రాములు, పావు, అర, కిలో. వేలు ఎక్కడికీ పోనక్కర్లేదు. మూలల్లో ఏమీ పెట్టలేదు. పాత సాఫ్ట్‌వేరులో ప్యాకెట్ జంతికలకి 12 శాతం, విడిగా తూచినవాటికి 5 శాతం అని రెండు కోడ్లు ఉండేవి. సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రెండిటికీ 5 అయింది కాబట్టి రెండు బటన్లు ఒకటైపోయాయి. నాకు దీపావళి ముందే వచ్చినట్టు.

ప్రింటరు దగ్గర ఒక రాత్రి పోయింది. థర్మల్ ప్రింటరులో తెలుగు అక్షరాలు ఉండవు, నేరుగా పంపితే చెత్త గుర్తులు వస్తాయి. బిల్లు మొత్తాన్ని 576 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపాలి. "చేగోడీలు" అని తెలుగులో పడిన మొదటి చీటీ అత్త దేవుడి పటం దగ్గర పెట్టింది.

డిసెంబరు 7, ఆదివారం

వారం నడిచింది. కౌంటరు దగ్గర మౌసు లేదు. పొట్లాలు కట్టే అమ్మాయి గ్లవ్సుతోనే బిల్లు కొడుతోంది. అత్తకి ఇప్పుడు తెర చూడాల్సిన పని కూడా పెద్దగా లేదు. కొనేవాళ్లతో మాట్లాడుతూ రెండో వరుసలో మూడోది అని చెయ్యే పోతోంది.

గొడవ బావ దగ్గర వచ్చింది. రాత్రి తెర పైకి లేపుకుని స్ప్రెడ్‌షీట్‌లో లెక్కలు చూస్తూ నన్ను పిలిచాడు. "ఇదిగో, ఈ లైను చూడు, నూనె రేటు ఎంత పెరిగిందో" అని వేలు పెట్టి చూపించాడు. చూపించిన గడి సెలక్టు అయింది, వేలు కిందికి జరిపితే పై లెక్క కాస్తా కింద గడిలోకి వెళ్లి కూచుంది. "ఒరే, చూపించడానికి కూడా లేదా?" అన్నాడు.

నేను దీన్ని అసలు ఆలోచించలేదు. మామూలు మానిటరు ముందు ఇద్దరు కూచుంటే ఒకడి వేలు తెర మీదే ఉంటుంది. ల్యాబులో పిల్లల మానిటర్ల మీద వేలిముద్రలు చూస్తే తెలుస్తుంది, ఒక్కటీ టచ్ తెర కాదు. తెర మీద వేలు పెట్టడం అంటే చూపించడం. టచ్ పెట్టాక చూపించడం కూడా ఒక పని అయిపోయింది.

కర్ర మొదటి గాటు దగ్గర ఒక చిన్న స్విచ్చి పెట్టాను. పాత మౌసు విప్పి, దాని ఎడమ బటను తీగ పొడిగించి గాట్లో బిగించిందే. కాలు ఆ గాట్లో పడితే స్విచ్చి నొక్కుకుంటుంది, స్క్రిప్టు ఎక్స్‌ఇన్‌పుట్‌తో ఫ్రేముని ఆపేసి, బిల్లు పేజీ మూసి, సిన్నమన్ చూపిస్తుంది. పడుకోబెడితే మళ్లీ టచ్, మళ్లీ బిల్లు. ఒకే మెషీను, పగలు అత్తది, రాత్రి బావది. ఇద్దరికీ ఒకే ముఖం చూపించాలన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

డిసెంబరు 14, ఆదివారం

స్విచ్చికి పిండి పట్టింది. బావ లెక్కల మధ్యలో బిల్లు పేజీ తెరుచుకుందట. శుభ్రం చేసి, పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. ఫ్రేము లోపలి గట్టు కూడా తుడవాలి, నూనె ఆవిరీ పిండీ కలిసి జిగురులా పేరుకుంటోంది. రోజూ పొద్దున్న దీపం పెట్టే ముందు పొడి గుడ్డతో ఒకసారి తుడవమని అత్తకి చెప్పాను. "గడపకి పసుపు రాసినట్టు రోజూ దీనికీ సెయ్యాలా?" అంది. తుడుస్తోంది.

డిసెంబరు 21, ఆదివారం

మొత్తం ఖర్చు ఆరు వేల రెండొందలు, నా రాత్రులు కాకుండా. మా కాలేజీలో ఒక సారు విని, ల్యాబులో మానిటర్లకి కూడా ఇలాంటి ఫ్రేములు పెట్టిద్దామా, పిల్లలకి ఆధునికంగా ఉంటుంది అన్నాడు. వద్దన్నాను. తెరని పడుకోబెట్టే కౌంటరు ఉంటే చెప్పండి, వచ్చి పెడతానన్నాను. ఆయనకి కోపం వచ్చినట్టుంది.

సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాయి. అరిసెలు కిలోల్లో కాదు, లెక్కన అడుగుతున్నారు, యాభై, వంద అని. తూకం బటన్ల చోట అంకెలు కావాలి. పది అంకెలు, పై 15 సెంటీమీటర్లలోనే ఇరికించాలి.

రేపటికి: అంకెల పలక. ఎడమ అట్ట గొడుగు ఊడొస్తోంది, రేకుది చేయించాలి. ప్రింటరు రోళ్లు పది. కుడి కింద మూల దగ్గర ఫ్రేము టేపు ఉప్పుగాలికి వదులైంది, మార్చాలి. బావ మౌసుకి బ్యాటరీ.